జపాన్‌లో లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కి తిరగడం ఎలా?

జపాన్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే: భాష రాకుండా అక్కడి రైళ్లలో తిరగగలమా, జేఆర్ పాస్ (నిర్ణీత రోజులపాటు జేఆర్ రైళ్లలో తిరగడానికి పర్యాటకులు కొనే టికెట్టు) కొనాలా వద్దా, బస్సులో డబ్బు ఎక్కేటప్పుడు ఇవ్వాలా దిగేటప్పుడు ఇవ్వాలా. మొదటి ప్రశ్నకు జవాబు, నిశ్చింతగా తిరగగలరని. స్టేషన్ల పేర్లు బోర్డుల మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఉంటాయి, పెద్ద నగరాల రైళ్లలో ప్రకటనలు కూడా రెండు భాషల్లో వినిపిస్తాయి. అసలు తికమక భాషతో రాదు, కంపెనీలతో వస్తుంది. 1987 ఏప్రిల్ 1న ప్రభుత్వ రైల్వేను విడగొట్టి ప్రయాణికుల రైళ్లను ఆరు ప్రాంతీయ జేఆర్ (జపాన్ రైల్వేస్) కంపెనీలకు అప్పగించారు. అవి కాక ప్రతి పెద్ద నగరంలోనూ మెట్రోలు, ప్రైవేటు రైల్వేలు వేరుగా ఉన్నాయి. వీటి గేట్లు వేరు, టికెట్లు వేరు, ఒక్కోసారి ఒకే పేరుతో ఉన్న స్టేషన్లు కూడా వేరు. అందువల్ల ఈ దేశంలో ఎక్కడికి వెళ్లాలన్నా "ఏ రైలు?" అని అడిగే ముందు "ఎవరి రైలు?" అని అడగడం అలవాటు చేసుకోండి. కింద చెప్పిన పొరపాట్లలో సగం అక్కడే తప్పిపోతాయి.

కావలసినవి

- ఆరేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఒక ఐసీ కార్డు, అంటే ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనిస్తే ఛార్జీ తీసుకునే కార్డు. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. ఆరేళ్ల లోపు పిల్లలు పెద్దవారి వెంట ఉచితంగా వెళ్లవచ్చు, ఒక్క పెద్దవారికి ఇద్దరు పిల్లల వరకు.
- వెయ్యి యెన్ల నోట్లు, 100, 10 యెన్ల నాణేలు. కార్డు రీఛార్జ్ చేసే యంత్రాల్లో చాలావరకు నగదే తీసుకుంటాయి.
- ఇంటర్నెట్ పనిచేసే ఫోను, దానితోపాటు పవర్ బ్యాంకు.
- మీరు బస చేసే చోటికి దగ్గరి స్టేషన్ పేరు, ఎగ్జిట్ నంబరు, జపనీస్ లిపిలో చిరునామా రాసిన కాగితం. ఫోను ఛార్జింగ్ అయిపోయినప్పుడు ఆదుకునేది ఈ కాగితమే.
- పాస్‌పోర్టు. పర్యటనకు వచ్చిన విదేశీయులు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. పర్యాటకుల పాస్‌లు కొనేటప్పుడు కూడా చూపించవలసి వస్తుంది.

1. పాస్ కొనే ముందు లెక్క వేయండి

దేశమంతా చెల్లే ఏడు రోజుల జేఆర్ పాస్ ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెంచారు. "పాస్ కొనకపోతే నష్టం" అని చెప్పే పాత సలహాలన్నీ ఆ పెంపుకు ముందువి. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలులో రిజర్వు సీటుతో వెళ్లడానికి సుమారు 14,000 యెన్లు అవుతుంది. రాకపోకలు కలిపినా 30,000 దాటదు కనుక, ఈ రెండు నగరాలు మాత్రమే చూసి వచ్చేవారికి పాస్ దండగ. వారం రోజుల్లో మూడు నాలుగు దూర ప్రయాణాలు ఉన్నవారు మాత్రం ఒక్కో ప్రయాణపు ఛార్జీని విడిగా రాసి కూడి చూసుకోవాలి. పాస్ ఉన్నా మెట్రోలోనూ ప్రైవేటు రైళ్లలోనూ అది చెల్లదని, అన్నిటికంటే వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే పైన అదనంగా కట్టాలని కూడా ఆ లెక్కలో గుర్తుంచుకోండి.

నగరంలోపల తిరగడానికి వేరే పాస్‌లు ఉన్నాయి. టోక్యోలో పర్యాటకులకు అమ్మే 24, 48, 72 గంటల సబ్‌వే టికెట్టు రెండు సంస్థలవీ కలిపి 13 భూగర్భ లైన్లలో చెల్లుతుంది, గంటల లెక్క మొదటిసారి గేటు దాటినప్పటి నుంచి మొదలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టిన 24 గంటల టికెట్టు మరునాడు మధ్యాహ్నం మూడింటి వరకు పనికొస్తుంది. ఇది టోక్యోలో గుండ్రంగా తిరిగే యమనోతె లైనులో చెల్లదు, ఎందుకంటే అది జేఆర్ వారిది. ఇక్కడ పప్పులో కాలేసేవాళ్లు చాలామంది.

2. ఐసీ కార్డు తీసుకోండి

టోక్యోలో సుయికా, పాస్మో, ఒసాకా వైపు ఇకోకా, ఇలా పేర్లు పది ఉన్నా 2013 మార్చి నుంచి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా నగరాల్లోనూ చాలావరకు చెల్లుతుంది. ఏది కొనాలన్న చింత అక్కర్లేదు, దిగిన విమానాశ్రయంలో ఏది దొరికితే అది తీసుకోండి. చిప్‌ల కొరత వల్ల 2023లో ఆగిన సుయికా, పాస్మో మామూలు కార్డుల అమ్మకం 2025 మార్చిలో మళ్లీ మొదలైంది కనుక, కార్డులు దొరకవని చెప్పే పాత సమాచారం చూసి కంగారు పడకండి.

మామూలు కార్డుకు 500 యెన్ల డిపాజిట్ ఉంటుంది, తిరిగి ఇచ్చేస్తే అది వెనక్కి వస్తుంది. పర్యాటకుల కోసం ఉన్న వెల్‌కమ్ సుయికాకు డిపాజిట్ లేదు, అయితే 28 రోజులే పనిచేస్తుంది, మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వరు. ఏ కార్డులోనైనా 20,000 యెన్లకు మించి ఉంచలేరు. మొదట రెండు మూడు వేలు వేసుకుంటే చాలు. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం ఛార్జీ పడే పిల్లల కార్డు కౌంటరులో పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి.

ఐఫోను ఉన్నవారు వాలెట్‌లోనే సుయికా పెట్టుకోవచ్చు. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్కడి గేట్లకు కావలసిన ఏర్పాటు సాధారణంగా ఉండదు కనుక, వాటితో కుస్తీ పడకుండా ప్లాస్టిక్ కార్డు తీసుకోవడం మేలు.

జాగ్రత్త: కార్డులన్నీ ఒక కుటుంబమే అయినా ఒక ప్రాంతంలో ట్యాప్ చేసి లోపలికి వెళ్లి మరో ప్రాంతంలో బయటికి రాలేరు. టోక్యోలో కార్డుతో ఎక్కి, లోకల్ రైళ్లు మారుతూ అతామి దాటి నగోయా వైపు వెళ్తే దిగిన చోట గేటు తెరుచుకోదు, ఎందుకంటే ఒక జేఆర్ కంపెనీ హద్దు అతామి దగ్గర ముగిసి మరొకదానిది మొదలవుతుంది. అలాంటి దూరాలకు ముందే కాగితం టికెట్టు కొనుక్కోండి. కుమమోతోలోనైతే ఐదు స్థానిక సంస్థల బస్సులూ రైళ్లూ 2024 నవంబరు నుంచి ఈ కార్డులను తీసుకోవడమే మానేశాయి. అక్కడ స్థానిక కార్డు గానీ, ట్యాప్ చేయగల క్రెడిట్ కార్డు గానీ, నగదు గానీ వాడాలి.

3. దారి వెతికేటప్పుడు నాలుగు సంగతులు రాసుకోండి

మ్యాప్ యాప్ చూపించే దారిలో చాలామంది బయలుదేరే సమయం చూసి ఆగిపోతారు. మీరు లైను పేరు, బండి రకం, చివరి స్టేషన్ పేరు, దిగవలసిన స్టేషన్ నంబరు, ఈ నాలుగూ రాసుకోండి. నంబరు విలువ ఎక్కినాక తెలుస్తుంది. టోక్యో స్టేషన్ యమనోతె లైనులో జేవై 01, ఉఎనో జేవై 05, షింజుకు జేవై 17, షిబుయా జేవై 20. ముప్ఫై స్టేషన్లతో గుండ్రంగా తిరిగే ఈ లైనులో ఒక చుట్టుకు దాదాపు గంట పడుతుంది కనుక, తప్పు దిశలో ఎక్కినా ఎప్పటికో ఒకప్పటికి చేరతారు గానీ పది నిమిషాల ప్రయాణం యాభై నిమిషాలు అవుతుంది.

యాప్‌లో తేదీ సరిగా పెట్టడం మరచిపోవద్దు. జపాన్‌లో పనిదినాలకు ఒక టైమ్‌టేబుల్, శని ఆదివారాలకూ సెలవులకూ మరొక టైమ్‌టేబుల్ ఉంటాయి.

పేర్ల విషయంలో కూడా కళ్లు తెరిచి చూడాలి. షిన్ అంటే కొత్త, హిగషి అంటే తూర్పు, నిషి పడమర, కిత ఉత్తరం, మినమి దక్షిణం. ఈ మాటలు ముందు చేరితే అది వేరే స్టేషన్. బుల్లెట్ రైళ్లు ఆగేది షిన్-ఒసాకాలో, ఒసాకా స్టేషన్‌లో కాదు. ఆ ఒసాకా స్టేషన్ పక్కనే ఉమెద, హిగషి-ఉమెద, నిషి-ఉమెద అని మెట్రో స్టేషన్లు ఉన్నాయి. టోక్యోలో గుడి చూడాలని బయలుదేరి అసకుసాకు బదులు అసకుసబషిలో దిగేవారు కొందరు.

4. సరైన గేటు చూసి లోపలికి వెళ్లండి

షింజుకులో జేఆర్, మెట్రో, తోఎయి సబ్‌వే, ఒదక్యూ, కేయో, ఇన్ని సంస్థల బళ్లు ఒకే కప్పు కింద కలుస్తాయి, బయటికి దారులే రెండు వందలకు పైగా ఉన్నాయి. అలాంటి చోట ఎదురుగా కనిపించిన గేటులోకి దూరిపోకుండా, గేటు పైన బోర్డు మీద మీ లైను రంగు, అక్షరం ఉన్నాయో లేదో చూసి అప్పుడు కార్డు పెట్టండి. కార్డు తగిలించి లాగేయకుండా ఒక క్షణం ఆనించి ఉంచితే శబ్దం వస్తుంది, చిన్న తెరమీద మిగిలిన సొమ్ము కనిపిస్తుంది. పర్సులో రెండు ఐసీ కార్డులు కలిసి ఉంటే యంత్రం ఏదీ చదవలేక గేటు మూసేస్తుంది, కాబట్టి రవాణా కార్డును విడిగా పెట్టుకోండి.

పొరపాటున వేరే కంపెనీ గేటులోకి వెళ్లారా? అదే గేటు నుంచి ట్యాప్ చేసి బయటికి రావాలని చూడకండి. చివరన సిబ్బంది నిలబడే కిటికీ గేటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అక్కడ కార్డు చూపించి చేత్తో బయటివైపు సైగ చేస్తే చాలు, వారికి అర్థమవుతుంది. మీలాంటివాళ్లను రోజూ చూస్తూనే ఉంటారు.

5. బండి రకం చూసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ఒకే ప్లాట్‌ఫాం మీదికి అన్ని స్టేషన్లలో ఆగే కకుఎకి-తేషా, కొన్నిటిలో ఆగే కైసోకు, ఇంకా తక్కువ చోట్ల ఆగే క్యూకో, టొక్క్యూ వరసగా వస్తుంటాయి. తెరల మీద ఇవే లోకల్, ర్యాపిడ్, ఎక్స్‌ప్రెస్, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అని ఇంగ్లిష్‌లో మారుతూ కనిపిస్తాయి. తెర ఒక భాష నుంచి మరో భాషకు తిరిగే దాకా కొన్ని క్షణాలు ఓపిక పట్టండి.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది డబ్బుది. జేఆర్‌లో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అంటే మామూలు ఛార్జీ కాక అదనపు టికెట్టు కావాలి, కానీ ఒసాకా-క్యోటో మధ్య నడిచే హంక్యూ అనే ప్రైవేటు కంపెనీ టొక్క్యూ అదనంగా ఏమీ అడగదు. పేరు ఒకటే అయినా కంపెనీని బట్టి అర్థం మారుతుందన్నమాట. రెండో మెలిక ఆగే చోట్లది. టోక్యో చూఓ లైనులో నారింజ రంగు ర్యాపిడ్ బండి పనిదినాల్లో కోఎంజి, అసగాయ, నిషి-ఒగికుబోలలో ఆగుతుంది, శని ఆదివారాల్లో ఆ మూడింటినీ దాటిపోతుంది. శుక్రవారం సరిగ్గా దిగిన మనిషి మరునాడు అదే బండి ఎక్కి కిటికీలోంచి తన స్టేషన్ వెనక్కి పోవడం చూస్తూ కూర్చుంటాడు. అలా జరిగితే తరువాతి స్టేషన్‌లో దిగి, గేటు దాటకుండా ఎదుటి ప్లాట్‌ఫాం మీద పసుపు గీత లోకల్ ఎక్కి వెనక్కి రండి.

టోక్యో చుట్టుపక్కల కొన్ని జేఆర్ బళ్లలో మధ్యన రెండంతస్తుల పెట్టెలు కనిపిస్తాయి. అవి గ్రీన్ కార్లు, ఖాళీగా ఉన్నాయి కదా అని కూర్చుంటే అదనంగా చెల్లించవలసిందే, పైగా బండిలో కడితే ఎక్కువ. ఉదయపు రద్దీ వేళ గులాబీ రంగు గుర్తులున్న పెట్టె ఆడవారిది.

6. ఎక్కిన వెంటనే సరిచూసుకోండి

తలుపు పైనున్న తెరమీద తరువాతి స్టేషన్ నంబరు చూడండి. మీరు వెళ్లవలసిన నంబరు వైపు అంకెలు కదులుతుంటే దిశ సరైనదే. దూరమవుతుంటే వచ్చే స్టేషన్‌లోనే దిగి మరోవైపు ఎక్కండి. ఇంకా రెండు స్టేషన్లు చూద్దామనుకోవడం వల్ల సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కొన్ని బళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ఒసాకా నుంచి కన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే జేఆర్ ర్యాపిడ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఎనిమిది పెట్టెల బండిలో 1 నుంచి 4 వరకు విమానాశ్రయానికి, 5 నుంచి 8 వరకు వకయమాకు. హినెనో స్టేషన్‌లో రెండూ వేరుపడతాయి. వెనక పెట్టెల్లో కూర్చున్నవారు ఆ మాట వినకపోతే విమానం ఎగిరే వేళకు వకయమాలో ఉంటారు. ప్లాట్‌ఫాం మీద నిలబడేటప్పుడే కింద రాసిన పెట్టె నంబరు చూసుకోండి, ఎక్కాక తలుపు పక్క బోర్డు మీద గమ్యం పేరు మళ్లీ చూసుకోండి.

7. దిగడం, లెక్క సరిచేసుకోవడం

పసుపు బోర్డుల మీద ఎగ్జిట్ నంబర్లు ఉంటాయి. నంబరు తెలియకుండా గేటు దాటవద్దు, పెద్ద స్టేషన్‌లో తప్పు దారిన బయటపడితే రోడ్డు మీద పావుగంట నడక అవుతుంది. కార్డులో సొమ్ము చాలకపోతే ఎర్ర దీపం వెలిగి రెక్కలు మూసుకుంటాయి. కంగారు లేదు, గేటుకు లోపలివైపే తక్కువైన ఛార్జీ కట్టే నోరికోషి యంత్రం ఉంటుంది, అందులో కార్డు పెట్టి నగదు వేస్తే సరి. కాగితం టికెట్టు కొన్నవారు ఛార్జీ ఎంతో తేలకపోతే అన్నిటికంటే తక్కువ ధర టికెట్టు కొని, దిగే చోట ఇదే యంత్రంలో మిగతాది కట్టవచ్చు. ఇది అక్కడి మామూలు పద్ధతే, జరిమానా ఏమీ ఉండదు.

టోక్యో మెట్రోలో గేటు దాటి మరో లైనుకు మారవలసి వస్తే కాగితం టికెట్టును నారింజ రంగు గేటులోనే వేయండి. మామూలు గేటులో వేస్తే టికెట్టు వెనక్కి రాదు.

రోజు చివర కార్డును స్టేషన్ యంత్రంలో పెట్టి ప్రయాణాల జాబితా చూస్తే ఎక్కడ ఎంత పోయిందో తెలుస్తుంది, కావాలంటే అచ్చు కూడా తీసుకోవచ్చు.

8. బస్సు: ముందు తలుపా, వెనక తలుపా?

మొదట, మిగతావాళ్లు ఏ తలుపున ఎక్కుతున్నారో చూడండి. టోక్యోలో తోఎయి సిటీ బస్సు ముందు తలుపున ఎక్కుతూనే డబ్బు ఇవ్వాలి, మధ్య తలుపున దిగాలి. క్యోటో సిటీ బస్సు దీనికి పూర్తిగా తిరగేసి, వెనక ఎక్కి ముందు దిగుతూ 230 యెన్లు కట్టాలి. ఇవి రెండూ ఎంత దూరమైనా ఒకే ఛార్జీ ఉన్న బస్సులు.

ఊరు దాటి వెళ్లే బస్సుల్లో ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. ఎక్కగానే తలుపు పక్కన చిన్న యంత్రం నుంచి సెయిరికెన్ అనే కాగితపు ముక్క బయటికి వచ్చి ఉంటుంది. దాని మీద ఒక అంకె, ఉదాహరణకు 4. డ్రైవరు తల పైన ఉన్న పలకలో 1 నుంచి వరసగా గళ్లు ఉంటాయి, ఒక్కో స్టాపు దాటేకొద్దీ గళ్లలో అంకెలు పెరుగుతుంటాయి. మీరు దిగే సమయానికి 4వ గడిలో ఎంత ఉంటే అంత మీ ఛార్జీ. కాగితాన్నీ నాణేలనూ కలిపి డ్రైవరు పక్కన ఉన్న పెట్టెలో వేయాలి. ఐసీ కార్డు ఉంటే కాగితం అక్కర్లేదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లు ట్యాప్ చేయాలి.

మొదటిసారి కొండ ఊరి బస్సులో నేను ఆ కాగితాన్ని చెత్త అనుకుని వదిలేశాను. దిగేటప్పుడు డ్రైవరు నా చేతిలో కాగితం లేకపోవడం చూసి ఎక్కడ ఎక్కానని అడిగాడు, స్టాపు పేరు నోరు తిరగక ఫోనులో చూపించవలసి వచ్చింది, అంతవరకు వెనక ఆరుగురు మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది.

ఛార్జీ పెట్టెలు సాధారణంగా చిల్లర తిరిగి ఇవ్వవు. పెట్టెకే ఉన్న మరో రంధ్రంలో వెయ్యి నోటు గానీ 500 నాణెం గానీ వేస్తే అంతకు సరిపడా నాణేలు పడతాయి, అందులోంచి సరిగ్గా లెక్కపెట్టి ఛార్జీ వేయాలి. ఈ రెండు పనులనూ ఒకటే అనుకుని ఛార్జీ రంధ్రంలో వెయ్యి నోటు వేసినవాళ్లు ఉన్నారు. ఐదు వేలు, పదివేల నోట్లు చెల్లవు. చిల్లర మార్చే పని దిగేటప్పుడు కాక, బస్సు ఎక్కడైనా ఆగినప్పుడే ముగించండి. దిగే స్టాపుకు ముందు మీట నొక్కండి, బస్సు పూర్తిగా ఆగాకే లేవండి.

9. పల్లె లైన్లు

ఇక్కడ ఒకటి రెండు పెట్టెల బళ్లు డ్రైవరు ఒక్కడితోనే నడుస్తాయి, స్టేషన్‌లో ఎవరూ ఉండరు. చాలాచోట్ల మొదటి పెట్టె వెనక తలుపున ఎక్కి, సెయిరికెన్ తీసుకుని, ముందు తలుపు దగ్గర డ్రైవరు ముందు డబ్బు కట్టి దిగాలి. తలుపు దానంతట అది తెరుచుకోకపోతే పక్కన మీట ఉంటుంది. గంటకు, రెండు గంటలకు ఒక బండి మాత్రమే ఉండే లైన్లు ఇవి కనుక, దిగగానే తిరుగు బండి సమయాల బోర్డును ఫోటో తీసుకున్న తరువాతే ఊరు చూడటానికి వెళ్లండి.

10. సామాను, చివరి బండి

పెద్ద పెట్టెలతో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు నగర రైళ్లు ఎక్కవద్దు. హోటల్‌లో గానీ, కన్వీనియన్స్ స్టోరులో గానీ తక్యూబిన్ అనే సామాను చేరవేసే సేవకు ఇస్తే సామాను సాధారణంగా మరునాటికి తరువాతి ఊరి హోటల్‌కు చేరుతుంది. తొకైదో, సన్యో, క్యూషూ బుల్లెట్ రైళ్లలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు చోటు ఉన్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి, లేకపోతే 1,000 యెన్లు కట్టించుకుంటారు.

నగరాల్లో చివరి బళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో అయిపోతాయి, మళ్లీ ఐదింటి దాకా ఏమీ ఉండవు. చివరి బండి మీ స్టేషన్ దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోవచ్చు, కాబట్టి ఆ వేళ బండి గమ్యం పేరు తప్పక చదవండి. తప్పిపోతే మిగిలేది టాక్సీ. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు సుమారు ఇరవై శాతం అదనం. దాని వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు, మీరు చెయ్యి వేయకండి.

వెళ్లే ముందు

మామూలు సుయికాను టోక్యో వైపు జేఆర్ కౌంటరులో, ఇకోకాను ఒసాకా వైపు జేఆర్ కౌంటరులో మాత్రమే తిరిగి తీసుకుంటారు. ఒసాకాలో విమానం ఎక్కేవారు సుయికాను అక్కడ ఇవ్వలేరు. మిగిలిన సొమ్ములోంచి 220 యెన్లు పట్టుకుని మిగతాదీ, డిపాజిట్ 500 యెన్లూ ఇస్తారు, సొమ్ము సున్నా అయితే డిపాజిట్ పూర్తిగా వస్తుంది. అందుకని చివరి రోజు స్టేషన్ దుకాణంలో నీళ్ల సీసాకో బిస్కెట్లకో కార్డులో ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఆ తరువాత కౌంటరు దగ్గరికి వెళ్లండి.